లెక్కకు సరిపోయిన మాత్రలు

ఆ ఎండాకాలం మా ఇంట్లో మాత్రలు నేనిచ్చేదాన్ని, మా అమ్మాయి లెక్కపెట్టేది, మా ఆయన మింగేవాడు. ముగ్గురి పనులూ సక్రమంగా జరుగుతున్నాయనే ఊరందరికీ తెలుసు. మధ్యలో ఏం జరిగిందో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో ఇప్పుడు మిగిలింది నేనే.

మా ఆయన పెద్ద లాండ్రీలో బాయిలర్ మనిషి. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు బండ్ల కొద్దీ వచ్చి పడే లాండ్రీ అది. ఉతికేవాళ్ళకి వేడినీళ్ళు కావాలన్నా, ఇస్త్రీవాళ్ళకి ఆవిరి కావాలన్నా ఈయన చెయ్యి కదలాల్సిందే. ముప్పై ఒక్క ఏళ్ళు అదే గదిలో, అదే యంత్రం పక్కన నిలబడ్డాడు. నాతో మాట్లాడిన మాటల కంటే దాంతో మాట్లాడినవే ఎక్కువ అని నేను దెప్పేదాన్ని. "అది ఎదురు చెప్పదే, అందుకే" అనేవాడు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒకనాడు మధ్యాహ్నం ఆవిరి వాల్వు తిప్పబోతే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు అయిందట. చెమటలు పట్టి అక్కడే కూలబడ్డాడు. లాండ్రీవాళ్ళు దుప్పట్ల బండిలోనే ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నేనూ అమ్మాయీ వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని, "మన దుప్పటే ఇది, చూడు, మన లాండ్రీ గుర్తు ఉంది మూల మీద" అని నాకు చూపిస్తున్నాడు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

నాళాలకు ఏదో రంగు ఎక్కించి ఫోటోలు తీశారు. గుండె డాక్టరమ్మ మా అమ్మాయి కంటే చిన్నదే. ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది. గుండెకు రక్తం తీసుకుపోయే నాళాలు మూడూ సన్నబడిపోయాయి. ఒకచోట అయితే లోపల స్టెంటు పెట్టి వెడల్పు చేయొచ్చు, ఇవి పొడుగునా పూడుకుపోయాయి. ఆపరేషన్ చేసి కొత్త నాళం కలపాలంటే, కలపడానికి అటువైపు మంచి చోటు లేదు.

"మరి ఏం చేస్తారు?" అంది మా అమ్మాయి.

"మందులతోనే చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం ఈ కొలెస్ట్రాల్ మాత్ర. రక్తంలో కొవ్వును బాగా తగ్గిస్తుంది. నాళాల్లో పేరుకున్నది ఇంకా పెరగకుండా, పగలకుండా కాపాడుతుంది. అది పగిలితే అక్కడ రక్తం గడ్డకడుతుంది, దాంతోనే ప్రమాదం. ఒక్కరోజు కూడా మానకూడదు. కాళ్ళ నొప్పులు గానీ వస్తే మీ అంతట మీరు మానేయకండి, నా దగ్గరికి రండి, వేరేది రాస్తాను."

"ఎన్నాళ్ళు వేసుకోవాలి డాక్టరమ్మా?" అన్నాడు మా ఆయన.

"ఉన్నన్నాళ్ళూ."

"అయితే ఎక్కువ రోజులు కాదులే" అన్నాడు. డాక్టరమ్మ నవ్వలేదు. మా అమ్మాయి మాత్రం కసిరింది.

మా అమ్మాయి సంగతి చెప్పాలి. అది చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో సరిచూసే పని చేస్తుంది. రోజుకు నాలుగు వందల చొక్కాలు దాని చేతుల మీదుగా దాటాలి. ప్రతి చొక్కా వెలుతురుకు పట్టి చూస్తుంది. గుండీ కాస్త వదులుగా ఉన్నా, కుట్టు వెంట్రుకవాసి పక్కకు పోయినా దాని కంట పడకుండా పోదు. ఆ కళ్ళు ఫ్యాక్టరీలో వదిలిపెట్టి రాదు, ఇంటికి తెచ్చుకుంటుంది. పక్క వీధిలోనే కాపురం. సాయంత్రం పని దిగి, చెప్పులైనా విప్పకుండా మా ఇంటికొచ్చి ముందు మందుల డబ్బా తెరిచేది.

"నాన్నా, ఈ షీటులో ఎనిమిది ఉండాలి. తొమ్మిది ఉన్నాయి. నిన్న ఎగ్గొట్టావు కదూ?"

"మీ అమ్మ ఇవ్వడం మర్చిపోయింది."

"నేనా? చేతిలో పెట్టి నీళ్ళ గ్లాసు కూడా అందిస్తే, కిటికీ అంచున పెట్టుకుని పేపరు చదువుతూ కూర్చున్నది ఎవరండీ?"

"సరే, ఇద్దరూ కొట్టుకు చావకండి. ఇదిగో, నా ఎదుట మింగు. ఊఁ, నోరు తెరువు. నాలుక ఎత్తు."

"ఒసేయ్, నీకు పాలు పట్టిన తండ్రినే నేను. గుర్తుందా?"

"లేదు. నాలుక ఎత్తు."

ఆయన ఎత్తాడు. ఎత్తి, "ఈ పిల్ల చేతికి చిక్కిన చొక్కాలు పాపం" అన్నాడు నాతో.

అలా మొదటి మూడు వారాలు గడిచాయి. నూనె తగ్గించాను, వేపుళ్ళు మానేశాను. ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి, వాసన చూసి వెనక్కి వెళ్ళేవాడు. తర్వాత కాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. తొడలు, పిక్కలు పట్టేసేవి. బాయిలర్ పైకి ఎక్కడానికి ఏడు మెట్ల ఇనప నిచ్చెన ఉంటుంది. మూడో మెట్టు మీదే నిలబడిపోతున్నానని ఒకరోజు చెప్పాడు.

"కాళ్ళు కాదే ఇవి. పిండకుండా వదిలేసిన దుప్పట్లు. ఎత్తలేకపోతున్నా."

"డాక్టరమ్మ చెప్పిందిగా, నొప్పులొస్తే రమ్మని. రేపు పోదాం."

"పోతే ఏం చేస్తుంది? ఇంకో మాత్ర రాస్తుంది. పోనీలే, ఆవిడ చేయించమన్న రక్తపరీక్ష రోజు దగ్గరపడుతోందిగా, అప్పుడు చూద్దాం."

నేను పిక్కలు పడుతూ కూర్చునేదాన్ని. నా చేతుల కింద ఆ కాళ్ళు వణికేవి. ముప్పై ఒక్క ఏళ్ళు రోజంతా నిలబడిన కాళ్ళు అవి. అమ్మాయికి చెబుదామంటే, "అది ఊరుకుంటుందా, సెలవు పెట్టించి మంచంలో పడేస్తుంది" అని వద్దన్నాడు. నేను చెప్పలేదు. అక్కడ మొదలైంది నా నోరు మూసుకోవడం.

ఆరు వారాలకు రక్తపరీక్ష చేయించాం. కాగితం తేవడానికి ఆయన ఒక్కడే వెళ్ళాడు. చెడ్డ కొవ్వు మొదట నూట తొంభై ఎనిమిది ఉండేది. ఇప్పుడు డెబ్భై తొమ్మిది. డాక్టరమ్మకు చూపించకుండా నేరుగా లాండ్రీకి పోయి అందరికీ చూపించాడట. ఇస్త్రీ మేస్త్రి ఆ కాగితం తిప్పి తిప్పి చూసి, "మార్కులు తగ్గితే ఇంత సంబరపడే మనిషిని నిన్నే చూశానయ్యా" అన్నాడట. ఆ మాట ఇంటికొచ్చి నాకు చెప్పి పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. చదువు ఐదో తరగతిలోనే ఆగినా అంకెలు చదవగలను. డెబ్భై తొమ్మిది మీద వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ చదివాను.

ఆ పూట అన్నం తిన్నాక మాత్ర చేతిలో పెట్టాను. మింగలేదు. రెండు వేళ్ళతో పట్టుకుని చూస్తూ అడిగాడు.

"బాయిలర్ గొట్టాల్లో నీళ్ళ ఉప్పు పేరుకుని గార కడితే ఏం చేస్తామో తెలుసా నీకు?"

"నాకేం తెలుసు? మీరు నాకు ఎప్పుడు చెప్పారు గనక?"

"యాసిడ్ పోస్తాం. బుసబుసమని నురగ వస్తుంది. గార ఉన్నంతసేపూ నురగ వస్తూనే ఉంటుంది. నురగ ఆగిందంటే గార అయిపోయిందన్నమాట. అప్పుడు ఒక్క క్షణం ఆగకూడదు. యాసిడ్ వదిలేసి మంచినీళ్ళతో కడిగేయాలి."

"కడక్కపోతే?"

"తినడానికి గార దొరకదు కదా, ఇక గొట్టాన్నే తింటుంది. నాకు ముందున్నాయన ఒక్క పూట ఎక్కువ ఉంచాడు. పదకొండు గొట్టాలు జల్లెడ అయిపోయాయి. నేనొచ్చాక ఒక్క గొట్టం పోయిందా?"

"పోలేదు."

"మరి? నంబరు డెబ్భై తొమ్మిదికి వచ్చింది. అంటే నురగ ఆగిపోయింది. ఇప్పుడు ఈ మాత్ర తింటున్నది దేన్ననుకుంటున్నావు? నా కాళ్ళని."

ఉన్నన్నాళ్ళూ వేసుకోవాలన్న మాట నాకు గుర్తులేక కాదు. కానీ ఎదుట కూర్చుని చెబుతున్న మనిషి ఊరికే వాగే మనిషి కాదు. యంత్రం అమ్మిన కంపెనీవాళ్ళు కూడా గొట్టాల సంగతి ఈయన్నే అడిగేవారు. పైగా మూడు వారాలుగా ఆ కాళ్ళు నా ఒళ్ళోనే ఉన్నాయి. నిజం చెబుతున్నాను, నమ్మాలని నాకే ఉంది.

"డాక్టరమ్మని ఒక మాట అడిగితే?"

"అడుగుదాంలే. కాళ్ళు కుదుటపడనీ. మిగతా మాత్రలన్నీ వేసుకుంటాగా. ఇదొక్కటే."

"మరి అమ్మాయి లెక్కపెడుతుంది కదండీ."

ఆయన మొహం వాడిపోయింది. ఆ సంగతి మర్చిపోయాడు పాపం. మళ్ళీ మాత్ర నోటి దాకా తీసుకెళ్ళాడు. నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. మాత్ర తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలు తోమే చోట తూములో వేసి నీళ్ళు పోశాను. ఆ ఉపాయం నాది. ఆయన నన్ను అడగలేదు.

ఆ రోజు నుంచి అదే పని. అన్నం తినడం కాగానే షీటులోంచి ఒక మాత్ర నొక్కి తీసేదాన్ని. తెల్లటి చిన్న మాత్ర. ఒక్కోసారి తూము మీది జాలీలో ఇరుక్కునేది, వేలితో నెట్టేదాన్ని. మర్నాడు సాయంత్రం అమ్మాయి వచ్చి లెక్కపెడితే ఏనాడూ తేడా రాలేదు.

పది రోజుల్లో కాళ్ళు తేలికపడ్డాయి. నాలుగో మెట్టు, ఐదో మెట్టు అని రోజూ వచ్చి చెప్పేవాడు. ఒకరోజు ఏడో మెట్టు దాకా ఎక్కానన్నాడు. ఎండ తగ్గాక ఇద్దరం బస్సులు తిరిగే చోటు దాకా నడిచి వెళ్ళేవాళ్ళం. అక్కడ సిమెంటు బెంచీ మీద కూర్చుని వచ్చే పోయే బస్సుల ఇంజిన్ల చప్పుడు విని, "దీనికి రోగం ఉంది, దానికి లేదు" అని చెబుతుండేవాడు. పెళ్ళయిన కొత్తలో కూడా మేం అంత తీరిగ్గా తిరగలేదు.

"చూశావా అమ్మా? మాత్ర సరిగ్గా వేసుకుంటే మనిషి ఎలా తేరుకున్నాడో!" అంది మా అమ్మాయి. "కాళ్ళు నొప్పులని, తగ్గాక ఇప్పుడా చెప్పడం? మొదట్లోనే నా మాట విని ఉంటే ఆ నొప్పులు కూడా వచ్చేవి కాదు."

"అవునమ్మా, నీ పుణ్యమే" అన్నాడు మా ఆయన, నా వైపు కన్ను గీటుతూ. నేను స్టవ్ వైపు తిరిగి లేని పని కల్పించుకున్నాను.

ఐదు వారాలు అలా గడిచాయి. ఒక పొద్దున పనికి బయల్దేరుతూ బూటు లేసు కట్టుకోవడానికి వంగాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"ఏమండీ, ముడి పడటం లేదా?"

పలకలేదు. భుజం పట్టుకుంటే చొక్కా తడిసి ముద్దగా ఉంది. నా మొహంలోకి చూసి, "గాలి ఆడటం లేదు. తలుపు తియ్యి" అన్నాడు.

తలుపు తీసే ఉంది.

ఆసుపత్రిలో ఆయన్ని లోపలికి తీసుకెళ్ళారు. అద్దాల్లోంచి కాళ్ళు మాత్రం కనిపించేవి. ఒక కాలికి బూటు ఉంది, ఒక కాలికి లేదు. చాలాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చింది, చేతిలో కాగితాలు ఉన్నాయి.

"కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటున్నారా?"

"ఒక్కరోజు కూడా మానలేదు డాక్టర్" అంది మా అమ్మాయి. "రోజూ నేనే లెక్కపెట్టేదాన్ని. మా అమ్మ తన చేత్తో ఇచ్చి మింగించేది. అయినా ఎందుకిలా అయింది?"

డాక్టరమ్మ కాగితం వైపు చూసింది. అది నాకు తలకిందులుగా ఉన్నా అంకె కనిపించింది. నూట ఎనభై ఆరు. తర్వాత ఆమె నా వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది.

"అమ్మా, మీరేమైనా చెప్పాలా?"

"లేదమ్మా" అన్నాను.

"సరే. ఇవాళ్టి నుంచి ఆ మాత్ర డోసు పెంచి ఇస్తాం" అని, అమ్మాయి వైపు తిరిగి, "గుండెలో సగానికి పైగా కండరం దెబ్బతింది. అది మళ్ళీ రాదు. మిగిలినదాన్ని కాపాడుకోవడమే. తీరిక చూసుకుని నువ్వు కూడా రక్తపరీక్ష చేయించుకో. ఇది తండ్రి నుంచి పిల్లలకు వచ్చేది" అంది. వెళ్ళేటప్పుడు నాతో మెల్లగా, "వీలైతే ఒకసారి నన్ను కలవండమ్మా" అంది. నేను వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?

ఇంటికి తెచ్చుకున్నాక మూడు వారాలు బతికాడు. కాళ్ళు వాచిపోయాయి. పడుకుంటే ఊపిరి ఆడదు, గోడకు దిండ్లు చేర్చి కూర్చోబెట్టేదాన్ని. మాత్ర వేళ అయిందంటే నేను గుర్తు చేయనక్కర్లేదు, ఆయనే అడిగేవాడు. మింగి, ఎవరూ అడక్కుండానే నోరు తెరిచి నాలుక ఎత్తి నాకు చూపించేవాడు. నేను "సరే, సరే" అని మొహం తిప్పుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం అడిగాడు.

"ఇప్పుడు వేసుకుంటే పనిచేస్తుందంటావా?"

"ఎందుకు చేయదండీ? ముందు చేసింది కదా."

"గొట్టం వేరు, ఇది వేరు అనుకుంటానే" అన్నాడు. అని చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "అమ్మాయికి చెప్పకు. నేను పోయాక కూడా చెప్పకు."

"అలా మాట్లాడకండి."

"నాకు తెలుసు దాని సంగతి. చచ్చినవాణ్ణి ఏమీ అనలేదు కదా. అన్నీ నిన్నే అంటుంది. తప్పు నాది, మాటలు నువ్వెందుకు పడటం? చెప్పనని మాటివ్వు."

మాటిచ్చాను. నాలుగో రోజు, నేను దుప్పటి మడతపెడుతుంటే, రెండో మడత దగ్గర గది నిశ్శబ్దంగా ఉందని తెలిసింది. అప్పటిదాకా ఆయన ఊపిరి చప్పుడు వింటున్నానని కూడా నాకు తెలియదు.

లాండ్రీవాళ్ళు వచ్చారు, ఫ్యాక్టరీవాళ్ళు వచ్చారు, వీధివాళ్ళు వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళకీ మా అమ్మాయి ఒకటే చెప్పేది. "మా అమ్మ చూసినట్టు ఎవరూ చూడరండీ. ఒక్క మాత్ర ఎగ్గొట్టనివ్వలేదు. నేనే సాక్ష్యం. అయినా మా నాన్న దక్కలేదు." వాళ్ళు నా చేతులు పట్టుకుని, "నీ చేతుల్లో ఏముందమ్మా, నువ్వు చేయాల్సిందంతా చేశావు" అనేవాళ్ళు. ఆ చేతులు లాక్కోవాలనిపించేది. ఇస్త్రీ మేస్త్రి ఒక్కడే నా చేతులు పట్టుకోలేదు, గుమ్మంలో చాలాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

మరో రెండు వారాలకు ఎండలు తగ్గాయి. అమ్మాయి భర్త పోరు పెట్టి దానికి రక్తపరీక్ష చేయించాడు. రెండు వందల పధ్నాలుగు. ముప్పై ఎనిమిదేళ్ళ పిల్లకి. డాక్టరమ్మ అదే మాత్ర రాసింది. ఆ సంగతి అల్లుడు చెబితే నాకు తెలిసింది. "చీటీ అలాగే ఉంది అత్తయ్యా. కొననివ్వడం లేదు. మీరైనా చెప్పండి" అన్నాడు.

మర్నాడు పొద్దున పనికి పోయే దారిలో అది మా ఇంటికి వచ్చింది. కూర్చోబెట్టి అడిగాను.

"మాత్ర ఎందుకు వేసుకోవడం లేదే?"

"ఎందుకు వేసుకోవాలి? నాన్న రోజూ వేసుకున్నాడు. ఏమైంది? ముందు కాళ్ళు పట్టేశాయి, తర్వాత గుండె ఆగింది. అదే మాత్ర నేనూ మింగాలా? నాకొద్దు."

"నాన్న వేసుకోలేదే."

"ఏంటి?"

ఆయనకిచ్చిన మాట గుర్తొచ్చింది. అయినా ఆగలేదు. "రిపోర్టు మంచిగా వచ్చాక మానేశాడు. ఐదు వారాలు. రోజూ ఒకటి నేనే తీసి తూములో పడేశాను. నువ్వు లెక్కపెడతావని. కాళ్ళ నొప్పులు మాత్ర వల్లే వచ్చాయి, మానేశాకే తగ్గాయి. డాక్టరమ్మ వేరేది రాస్తానంది, మేం వెళ్ళలేదు. మాత్ర తప్పు కాదే. తప్పు మాది. నాది."

చొక్కాను వెలుతురుకు పట్టి చూసినట్టు నా మొహంలోకి చూసింది. కనిపెడుతుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను, నాన్నను చంపావంటుందనుకున్నాను. అననీ, అని మాత్ర వేసుకుంటే చాలు అనుకున్నాను. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వచ్చి నా పక్కన కింద కూర్చుంది.

"అమ్మా, నాకోసం ఇంత మాట నీ మీద వేసుకుంటావా?"

"వేసుకోవడం కాదే, జరిగింది చెబుతున్నాను."

"నువ్వు? నాన్నకి మందు ఇవ్వకుండా నువ్వు పారబోస్తావా? నేను లెక్కపెట్టాను కదమ్మా. ఒక్కరోజు తేడా రాలేదు. నా లెక్క తప్పుతుందా?"

"నీ లెక్క తప్పలేదే. తప్పకుండా నేనే చూశాను. కావాలంటే డాక్టరమ్మని అడుగు, ఆవిడకి తెలుసు."

"ఆవిడే ఇలా చెప్పమని నీకు నేర్పి ఉంటుంది. ఇద్దరూ కలిసి నాతో మాత్ర మింగించాలని. మా ఆయన కూడా కలిశాడా మీతో?"

"కాదమ్మా. నా తల్లీ, నీ మీద ఒట్టు" అని చెయ్యి దాని తల మీద పెట్టాను.

అది ఉలిక్కిపడింది. "వద్దమ్మా. అబద్ధానికి నా మీద ఒట్టు పెట్టకు. నాకేమైనా అయితే నువ్వు తట్టుకోలేవు" అంది. ఎంతో నెమ్మదిగా, నొప్పి పుడుతుందేమో అన్నట్టు, నా చెయ్యి తన తల మీద నుంచి తీసి నా ఒళ్ళో పెట్టి, ఫ్యాక్టరీకి టైమవుతోందని లేచింది.